సలాలా నుంచి నేను రాసిన ఉత్తరం

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి వరండాలో చెప్పులు విడుస్తుంటే కడప నుంచి ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. ఏడాదికి రెండుసార్లే చేస్తాడు, క్రిస్మస్‌కి ఒకసారి, తన రంజాన్‌కి ఒకసారి. ఇది రెండూ కాదు కనుక పేరు చూడగానే ఒక కాలి చెప్పుతోనే ఫోన్ ఎత్తాను. నేను ఒమాన్‌లో, సలాలా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన రోజుల్లో ఖాదర్ భాయ్ అక్కడ అంబులెన్స్ డ్రైవరు. ఇప్పుడు ఎనభై దాటాడు, ఫోన్‌లో అరిచినట్టు మాట్లాడతాడు. ఆ రోజు మాత్రం మెల్లగా అన్నాడు. "ఆగ్నెస్ మేడమ్ పోయిందంట సిస్టర్. నెలయిందంట. వాళ్ళాయన అన్న కూతురు మా పిల్లోనికి మెసేజ్ పెట్టింది."

ఆగ్నెస్‌కి తొంభై దాటి ఉంటాయి. పోయిందంటే ఆశ్చర్యపడే వయసు కాదు. ఖాదర్ భాయ్ తనకు తెలిసింది చెప్పాడు. చివరి పదేళ్లూ ఆవిడ జర్మనీలో బడులకు వెళ్లి పిల్లల ముందు కుర్చీలో కూర్చుని, చొక్కా చేతిని మోచేతిదాకా మడిచి చూపించి, చిన్నప్పుడు తనవాళ్ళకేమయిందో చెప్పేదట. ఆ సంగతి పేపర్లో వచ్చాక ఎవరో ఆవిడ ఇంటి తలుపు మీద రంగుతో బూతులు రాశారట. కడగనివ్వలేదట. వీధిలో వాళ్ళంతా చదివేదాకా ఉండనివ్వండి అందట. అంతా విని నేను అడిగాను. "నా గురించి ఎప్పుడైనా అడిగిందా ఖాదర్ భాయ్?" ఆయన మొహమాటానికి అబద్ధం చెప్పే మనిషి కాదు. "లేదు సిస్టర్. నేను నీ మాట ఎత్తితే ఆమె వేరే మాట ఎత్తుతా ఉండె," అన్నాడు.

నా జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టినప్పుడు సలాలా గురించి రెండు పేజీల్లో తేల్చేద్దామనుకున్నాను. కొబ్బరిచెట్లు, వాన, అక్కడ నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు. ఆ ఫోన్ తర్వాత అలా రాయబుద్ధి కాలేదు.

నేను పుట్టింది చీరాలకూ సముద్రానికీ మధ్య ఒక పల్లెలో. పల్లె అంటే ఊరు కాదు. ఊరు కాలవకి అటుపక్క ఉండేది, మేము ఇటుపక్క. మా నాన్న నేతపని చేసేవాడు, అమ్మ కూలికి వెళ్లేది. మిషను బడి పుణ్యమా అని నేను నర్సు చదివాను. సలాలాలో విమానం దిగిన మొదటిరోజే నాకు ఏడుపొచ్చింది, కొత్తచోటు అని కాదు, మా ఊరి వాసన కొట్టిందని. అక్కడ సముద్రపొడ్డున చిన్నచేపలు ఇసకలో పరిచి ఎండబెడతారు. పశువులకు కూడా అవే మేత. ఆ ఎండుచేపల వాసన గాలి మళ్లినప్పుడల్లా వార్డుల్లోకి వచ్చేది. ఇంగ్లీషు డాక్టరు కిటికీలు మూయించేవాడు, నేను వెళ్లి తెరిచేదాన్ని. కొబ్బరితోటలు, అరటితోటలు, తోటల వెంట బురద, అన్నీ మన గోదావరి జిల్లాల్లాగే. కొండల మీంచి వచ్చే ఆడవాళ్ళు కానుపయ్యాక మంచం కింద లుబాన్ వేసేవాళ్ళు. లుబానంటే అక్కడి కొండచెట్ల సాంబ్రాణి. ఆ పొగా, డెట్టాలూ, ఎండుచేపా కలిసిన వాసన ఇప్పటికీ ఎప్పుడైనా నిద్రలో తగులుతుంది.

ఆసుపత్రి వెనక దుప్పట్ల గది ఉండేది. దాని అధికారిణి ఆగ్నెస్, జర్మన్ దేశస్తురాలు. భర్త రోడ్లు వేసే కంపెనీలో మెకానిక్కు, నెలలో ఇరవై రోజులు ఎడారిలో సైట్ మీదే ఉండేవాడు. పిల్లల్లేరు. మా నర్సుల క్వార్టర్స్‌కీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. నలభై దాటిన మనిషి, నల్లటి జుట్టు, మన ఉత్తరాదివాళ్ళ చాయ. ఎండకు అలా అయిందనేవాళ్ళు. ఎంత ఉక్కపోతలోనైనా మణికట్టు దాకా చేతులున్న చొక్కానే వేసుకునేది. ఇనప బాయిలర్లో దుప్పట్లు ఉడికించడం, నీలిమందు పెట్టడం, గంజి పెట్టడం, ఇస్త్రీ, మడత, అన్నిటికీ ఆవిడకొక పద్ధతి. మడత పెట్టిన దుప్పటి అంచులు కత్తితో కోసినట్టుండేవి. లైన్లో నిలబడాల్సిన చోటికి మాత్రం వచ్చేది కాదు. టీకాలు వేయించుకోవడానికి స్టాఫంతా వరసలో నిల్చుంటే, ఆవిడ అందరూ వెళ్లిపోయాక వచ్చి వేయించుకుంది. ఏప్రాన్ జేబులో ఎప్పుడూ ఒక రొట్టెముక్క ఉండేది. సాయంత్రం దాన్ని పారేయకుండా తినేసి, పొద్దున మరొకటి పెట్టుకునేది.

మా స్నేహం ఒక పళ్లెంతో మొదలైంది. ఒకరోజు నేను ఆవిడ పెరట్లో మాటలు చెబుతూ, అక్కడున్న బేసిన్లో నా పళ్లెం కడిగేశాను. ఆవిడ మొహం మాడిపోయింది. పళ్లెం తీసుకుని గోడవతల పారేసింది. నాకు ఒళ్లు మండింది. మా పల్లెలో పుట్టిన వాళ్ళకు పళ్లేలు పారేయించుకోవడం కొత్త కాదు. ఊళ్ళో కాఫీ హోటల్లో మా నాన్న గ్లాసు వేరుగా ఉండేది. లేచి వచ్చేస్తుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. అది లంగాలు ఉతికే బేసినట. నడుము కింద బట్టలకొకటి, పైబట్టలకొకటి, గిన్నెలకు వేరే. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడితే ఆ వస్తువు ఇక వాడరట. "మా అమ్మ అలా చేసేది. నీ గురించి కాదు, బేసిన్ గురించి," అంది. అప్పుడు నవ్వొచ్చింది. తెల్లదొరసాని ఇంట్లో మడి! ఆ రోజు నుంచి నేను పప్పు వండితే గిన్నెడు గోడ మీంచి అందించేదాన్ని. ఆవిడ వెల్లుల్లి వేసి వేయించిన బంగాళాదుంపలు ఇచ్చేది. గోంగూర పచ్చడి మాత్రం వేలితో నాకి కళ్ళు మూసుకునేది.

ఆవిడ మాట సంగతి ముందు పట్టుకున్నది ఖాదర్ భాయ్. దుప్పట్లు లెక్కపెట్టేటప్పుడు పైకి జర్మన్‌లో అంటూనే, తొందరలో ఉంటే పెదాల మధ్య ఇంకేదో గొణిగేది. ఒకసారి అంబులెన్స్‌కి దుప్పట్లు తీసుకోవడానికి వచ్చిన ఖాదర్ భాయ్ నా దగ్గరికొచ్చి, "ఏంది సిస్టర్, ఆ మేడమ్‌కి మా మాట యాడ వచ్చె? యేక్, దుయ్, త్రిన్ అంటాది. పాంచ్ గూడా అనె," అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన నన్ను లాక్కెళ్లి, ముక్కు చూపించి, "మేడమ్, దీన్నేమంటారు?" అని అడిగాడు. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది. తలుపు వైపు చూసింది. తర్వాత చాలా మెల్లగా, "నాక్" అంది. నీళ్లు? "పాని." జుట్టు? "బాల్." ఖాదర్ భాయ్ పిల్లాడిలా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఈ మాట బయట చెప్పకండి. ఇక్కడందరూ నన్ను జర్మన్ అనుకుంటున్నారు. అలాగే అనుకోనివ్వండి," అంది. ఆ తర్వాత ఖాదర్ భాయ్‌ని తన మాటలో అన్నా అని పిలవడం మొదలుపెట్టింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు దాచమందో అడగాలని కూడా తోచలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో మా తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మన దగ్గర ఎమర్జెన్సీ రోజులు. తమ్ముడు దాసు ఎలిమెంటరీ స్కూలు టీచరు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. మా పల్లెలో గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన మొదటి మగపిల్లాడు. "ప్రియమైన అక్కకు దాసు వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. ప్రతి టీచరూ కుటుంబనియంత్రణ ఆపరేషనుకు మూడేసి కేసులు తేవలెనని సమితి ఆఫీసువారు చెప్పియున్నారు. తేనివారిని తీసివేస్తారంటున్నారు. మన పల్లెలో ఎవరినడిగినా కొట్టడానికి వస్తున్నారు. నువ్వు ఇదివరకు క్యాంపులకు ఆడవాళ్ళను ఎలా తెచ్చేదానివో వ్రాయగలవు."

ఎలా తెచ్చేదాన్నో నాకు బాగా తెలుసు. ఒమాన్ వెళ్లకముందు ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్లో నాకూ అలాగే కేసులు చెప్పేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు నన్ను గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు, మా పల్లెవాళ్ళు తిట్టేవాళ్ళు. రైలుకట్ట పక్కన నక్కలోళ్ళ గుడారాలుండేవి. పూసలు, పిన్నీసులు, సూదులు అమ్ముకుంటూ ఊరూరా తిరిగేవాళ్ళు. మా పల్లెవాళ్ళు కూడా వాళ్ళను దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. ఊరివాళ్ళు మమ్మల్ని కాలవ దాటనివ్వకపోయినా, మాకంటే కింద ఇంకొకళ్ళున్నారన్నది మాకొక నిబ్బరం. నేను గుడారాల పిల్లలకు బెల్లంముక్కలు పంచిపెట్టి, వాళ్ళ తల్లులతో, "కడుపునొప్పులూ అవీ ఏమీ ఉండవు, ఒక్కపూటలో ఇంటికొచ్చేస్తారు" అని చెప్పి, జీపు ఎక్కించి తీసుకెళ్లేదాన్ని. అది అబద్ధమని నేననుకోలేదు. నిజం కాదని మాత్రం తెలుసు. వాళ్ళు కాగితం మీద ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టేవాళ్ళు.

తమ్ముడికి అదే రాశాను. నా చేతి అక్షరాలు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. "స్టేషన్ అవతల గుడారాల వాళ్ళున్నారు కదా, వాళ్ళ దగ్గరికి వెళ్ళు. పిల్లలకు తినడానికేమైనా పట్టుకెళ్ళు. వాళ్ళ తరఫున అడగడానికి ఎవరూ రారు." ఉత్తరం పోస్టులో వేసి, ఒక బాధ్యత తీరిందనుకుని, వార్డుకి వెళ్లి డ్యూటీ చేసుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలకు ఖరీఫ్ ముదిరింది. అక్కడ ఖరీఫంటే వానాకాలం. దేశమంతా ఎండకు మాడిపోతుంటే సలాలా ఒక్కదాని మీద రెండు నెలలు మంచూ తుంపరా పడతాయి. కొండలు పచ్చబడతాయి, సూర్యుడు కనిపించడు. దుప్పట్లు ఆరవు. దుప్పట్ల గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్లు కట్టి, బాయిలర్ వేడికి ఆరేసేవాళ్ళం. ఆ తడిబట్టల సందుల్లోంచి వంగి నడవాల్సి వచ్చేది. ఒక మధ్యాహ్నం నా గొడుగు ఊచ విరిగితే బాగుచేసే చోటేదైనా ఉందా అని ఆవిడను అడిగాను. ఇలా తెమ్మంది. సూదీ, సన్నతీగా తీసుకుని, ముక్కాలి పీట మీద కూర్చుని, చూడకుండానే వేళ్లతో ఊచలు తడుముకుంటూ కుట్టింది. పావుగంటలో గొడుగు కొత్తదైంది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "మా నాన్న గొడుగులు బాగుచేసేవాడు," అంది.

"ఏ ఊళ్ళో?"

"ఊరు లేదు. బండి. బండి ఎక్కడాగితే అక్కడ."

తర్వాత నేనేమీ అడగలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. వాళ్ళను అక్కడివాళ్ళు ఒక మాటతో పిలుస్తారట. మనం నక్కలోళ్ళన్నట్టే ఉంటుంది ఆ మాట. తమను తాము మాత్రం సింతీ అనుకుంటారట. ఆవిడ చిన్నప్పుడు, యుద్ధానికి ముందు, ఒక నర్సు వాళ్ళ బండ్ల దగ్గరికి వచ్చేదట. వాళ్ళ మాట చక్కగా నేర్చుకుని వచ్చిందట. పిల్లలకు మిఠాయి పంచేది, ముసలాళ్ళను తాతా అమ్మమ్మా అని పిలిచేది, ముక్కులూ తలకాయలూ టేపుతో కొలిచేది, ఎవరికెవరు ఏమవుతారో అంతా రాసుకునేది. ఆ రాసుకున్న కాగితాల ప్రకారమే తర్వాత పోలీసులు వచ్చి ఒక్కరినీ వదలకుండా రైలెక్కించారు. పోలండ్‌లో క్యాంపు. నాన్న అక్కడ పోయాడు, ఇద్దరు తమ్ముళ్ళు అక్కడ పోయారు. ఆవిడనీ తల్లినీ పని చేయగలరని ఇంకో క్యాంపుకి పంపారు. ఆవిడకు పన్నెండేళ్లు. యుద్ధం అయిపోవస్తున్న రోజుల్లో తల్లిని పిలిచి ఒక కాగితం చూపించారు. పిల్లకు చిన్న ఆపరేషన్, సంతకం పెడితే ఇద్దరినీ వదిలేస్తాం. తల్లి పెట్టింది.

"వదిలారా?" అన్నాను.

"లేదు," అంది.

చొక్కా చేయి పైకి మడిచి చూపించింది. ఒక అక్షరం, దాని పక్కన అంకెలు. నర్సునైన నాకు కడుపు మీది ఆ రెండో గాయం గురించి వివరంగా చెప్పక్కర్లేదని ఆవిడకు తెలుసు. తల్లి తర్వాత ఇరవై ఏళ్లు బతికిందట, మళ్ళీ కలం పట్టలేదట. పింఛను కాగితాల మీద కూడా వేలిముద్రే వేసేదట, చదువొచ్చిన మనిషి. నష్టపరిహారం అడగడానికి వెళితే ఆఫీసులో, మిమ్మల్ని పుట్టుకని బట్టి పట్టుకెళ్లలేదు, దొంగలని పట్టుకెళ్లారు, అన్నారట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఆగలేదు. నా గొడుగు మడిచి, గుండీ పెట్టి, నా ఒళ్ళో పెట్టింది. "నీకెందుకు చెప్పానో తెలుసా? నువ్వు ఆడవాళ్ళ కానుపులు చేస్తావు. చేతులు కడుక్కుని, వాళ్ళ పేరు అడిగి, అప్పుడు ముట్టుకుంటావు. నేను చూశాను," అంది.

నేను రూమ్‌కి వచ్చి మంచం మీద కూర్చున్నాను. నా ఉత్తరం దాసుకి ఈపాటికి చేరి ఉంటుంది. టెలిగ్రాం ఆఫీసు ఆసుపత్రికి రెండు మైళ్లు. గొడుగు ఉంది. లేవలేదు. ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. నేను లేవలేదు. గుడారాలకు వెళ్లొద్దంటే వాడు కేసులు ఎక్కడ్నుంచి తెస్తాడు? తేకపోతే ఉద్యోగం పోతుంది. నాన్నకు చూపు తగ్గింది. వాడి జీతం మీద ఇల్లు నడుస్తోంది. ఈ లెక్కలన్నీ రెండు రోజులు వేశాను. డ్యూటీకి వెళ్లాను, వచ్చాను, వండుకున్నాను. దుప్పట్ల గదికి నేను వెళ్లకుండా ఆయాను పంపించాను. మూడోరోజు ఒక కొండమనిషికి కానుపైంది. తొలిచూలు ఆడపిల్ల. ఆ తల్లి పిల్లను పొట్ట మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో చదువుతోంది. నేను గ్లవ్స్ తీసేసి బయటికి పరుగెత్తాను.

ఖాదర్ భాయ్ బండి తుడుస్తున్నాడు. "టెలిగ్రాం ఆఫీసుకి తీసుకెళ్లు," అన్నాను.

"ఇంట్లో ఎవురికన్నా బాగలేదా సిస్టర్?"

"బాగానే ఉన్నారు. పోనివ్వు."

ఆయన ఇంకేమీ అడగలేదు. తుంపరలో బండి జారుతున్నా వేగం తగ్గించలేదు. గుడారాల వాళ్ళ జోలికి వెళ్లొద్దని నాలుగు ఇంగ్లీషు మాటల్లో రాసిచ్చాను. కౌంటర్లో మనిషి మాటలు లెక్కపెట్టుకుంటుంటే డబ్బులు ముందే తీసి పెట్టేశాను.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. "నీ టెలిగ్రాం శుక్రవారం అందినది. టెలిగ్రాం అనగానే నీకేదో అయినదని అమ్మ గుండెలు బాదుకొన్నది. నువ్వే వెళ్ళమని వ్రాసి నువ్వే వద్దనుట నాకు అర్థము కాలేదు. ఏమైననూ గురువారం నాడే సమితి జీపులో వెళ్ళి ముగ్గురిని తెచ్చితిమి. నా ఉద్యోగమునకు భయము లేదు. అందులో ఒక పిల్ల గోల చేసినది. పెళ్ళయి ఏడాది కాలేదనీ, ఇంకా కడుపు పండలేదనీ వాళ్ళ ముసలాయన తర్వాత చెప్పినాడు. రిజిస్టరులో ముగ్గురు బిడ్డల తల్లి అని వ్రాసినారు. కుట్లు విప్పుటకు మనిషిని పంపితే గుడారములు లేవు. ఎటు పోయినారో తెలియదు."

కుట్లు విప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా దుప్పట్ల గదికి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తిట్టించుకుంటే తేలికవుతుందనుకున్నానేమో. ఆవిడ ఒక దుప్పటి చివర నాకందించింది, ఇద్దరం మడత పెడుతూ అంతా చెప్పాను. రైలుకట్ట, బెల్లంముక్కలు, దాసు, నేను రాసింది, టెలిగ్రాం, ఆ పిల్ల. ఆవిడ ఒక్కమాటా అడ్డు రాలేదు. దుప్పటి మడత పూర్తయింది. బీరువాలో పెట్టి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నేను నీకు చెప్పింది ఏ రోజు?"

"మంగళవారం."

"టెలిగ్రాం ఇచ్చింది?"

"గురువారం," అన్నాను. నేల చూశాను. ఆవిడకు లెక్క కొత్త కాదు, రోజంతా లెక్కపెట్టే పనే. వేళ్లు కూడా ముడవలేదు.

"రెండు రోజులు," అంది.

తిట్టలేదు. ఏడవలేదు. తలుపు దగ్గరికి నడిచి, నేను బయటికి వెళ్లడానికి తెరిచి పట్టుకుంది. మర్నాటి నుంచి దుప్పట్లు కౌంటర్ కిటికీలోంచి ఇచ్చేది. ఎన్ని కావాలో అడిగేది, అన్నీ ఇచ్చేది, ఒకటి తక్కువ చేయలేదు. గోడ మీద నేను పెట్టిన పప్పుగిన్నె రెండు రోజులు అలాగే ఉండి పులిసిపోయింది. మళ్ళీ పెట్టలేదు. చలికాలం మొదట్లో భర్తకు ఉత్తరాన బహ్లా వైపు రోడ్డు పని పడి, ఇద్దరూ వెళ్లిపోయారు. సామాను ఎక్కించింది ఖాదర్ భాయ్. నేను వార్డు కిటికీలోంచి చూశాను. లారీ కదిలేటప్పుడు ఆవిడ చేయి ఊపింది, ఖాదర్ భాయ్‌కి. తర్వాత నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. అవి తిరిగి కూడా రాలేదు. అందుకున్నదని మాత్రం తెలుసు.

దాసు హెడ్మాస్టరై రిటైరయ్యాడు. పోయే ముందు ఒకసారి ఆ విషయం ఎత్తితే, "అప్పుడందరూ చేశారక్కా, నేనొక్కణ్ణేనా," అన్నాడు. వాణ్ణి నేనేమనను? పంపింది నేను. ఒమాన్ నుంచి వచ్చేశాక చాలా ఏళ్లు రైలుకట్టల పక్కన గుడారాలు కనిపిస్తే దిగి వెతికాను. ఆ పిల్ల పేరు కూడా తెలియకుండా వెతకడమంటే ఏమిటో నాకే తెలియదు. ఉద్యోగం అయిపోయాక, మా ఊరి బైపాస్ దగ్గర దిగే గుడారాల కుటుంబాల దగ్గరికి వారానికోసారి వెళ్లడం మొదలుపెట్టాను. జ్వరం బిళ్లలు, ఆధార్ కాగితాలు, బడి. పదిహేనేళ్లలో నలుగురు పిల్లల్ని బళ్ళో చేర్పించగలిగాను. ముగ్గురు మానేశారు. ఆ బడి హెడ్మాస్టరు మర్యాదస్తుడే, నాకు కుర్చీ వేసి చెప్పాడు. "మీ మంచితనం కాదనను మేడమ్. వాళ్ళని లోపల కూర్చోబెడితే మిగతావాళ్ళు టీసీలు అడుగుతున్నారు." నాలుగోది వరండాలో కూర్చుని ఐదోక్లాసు దాకా చదివింది. మా కాలనీలో ఎవరింట్లో ఏం పోయినా ముందు బైపాస్ వైపే చూస్తారు. నాతో మాత్రం, మీరు జాగ్రత్తమ్మా, పర్సు పట్టుకెళ్లకండి, అంటారు. అప్పుడు మేం కలం పట్టుకుని వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో వాళ్ళ ఫోటోలు తీసుకోవడానికి పోలీసులు వస్తున్నారు. అంతకంటే మారింది నాకేమీ కనపడలేదు. ఆగ్నెస్ అయితే తలుపు మీది రాతలు ఊరంతా చూసేలా ఉంచగలిగింది. నాకు అంత నోరు లేదు. ఎవరితో మాట్లాడబోయినా నేను రాసిన ఆ మూడు వాక్యాలు ముందు గొంతులోకి వస్తాయి.

పోయినేడు వానల్లో ఆ గుడారాల్లో ఒక పిల్లకు నొప్పులొచ్చాయని కబురొచ్చి వెళ్లాను. మధ్యాహ్నం రెండు దాటింది. బిడ్డ అడ్డం తిరిగినట్టుందని కానుపు చూస్తున్న ముసలామె కంగారుపడుతోంది. అంబులెన్స్‌ని నేనే పిలిపించాను, రోడ్డు మీద ఆగింది. స్ట్రెచర్ దింపుతుంటే గుడారం లోపల్నుంచి ఆ పిల్ల పెట్టిన కేక ఇంకా చెవిలో ఉంది, నొప్పికి కాదు. ముసలామె రెండు చేతులూ అడ్డం పెట్టి నిల్చుంది. "రాదమ్మా. ఆస్పత్రికి మాత్తరం రాదు. అక్కడ కడుపు కోసేత్తారు. మావోళ్ళకి ఇదివరకు కోసేశారు."

"నేను పక్కనే ఉంటాను. నేను నర్సునే. ముప్పై ఏళ్లు కానుపులు చేశాను," అన్నాను.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నేను వాళ్ళ దగ్గరికి పదిహేనేళ్లుగా వస్తున్నాను, నేనేం పని చేసేదాన్నో వాళ్ళెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "నర్సమ్మవా," అంది. లోపలికి వెళ్లి తెర దించేసింది.

అంబులెన్స్ కాసేపుండి వెళ్లిపోయింది. నేను బయట, తిరగేసిన ఇనప బకెట్ మీద కూర్చున్నాను. లోపల ఆడవాళ్ళు వాళ్ళ మాటలో ఏదేదో అంటున్నారు. చేతులెక్కడ పెట్టాలో, బిడ్డను ఎటు తిప్పాలో నాకు తెలుసు. మూడడుగుల దూరంలో గోనెపట్టా తెర. రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను. నాలుగున్నరకి బిడ్డ ఏడుపు వినిపించింది. సన్నగా, మధ్యమధ్య ఆగుతూ. తల్లి ఎలా ఉందో అడుగుదామని తెర దగ్గరికి వెళ్లాను. ముసలామె చేతులు తుడుచుకుంటూ తల ఒక్కటే బయట పెట్టింది.

"అయిపోయింది. ఇంక నువ్వు పోమ్మా," అంది.

నేను వచ్చేశాను.